శనగాకు పులుపు

పొద్దున ఆరున్నరకు మంత్రసాని పెంటవ్వ వచ్చి, అరుగు మీద చేతిసంచి పెట్టి, "నీళ్లు కాగినయా పటేలమ్మా?" అని కేకేసింది. రెండు నెలలుగా సావిత్రమ్మ ఇంట్లో తెల్లవారేది ఆ కేకతోనే. పెరట్లో పొయ్యి మీది బానలో వేపాకు, వావిలాకు మరుగుతున్నాయి. సావిత్రమ్మ ఆ నీళ్లు బిందెతో మోసుకెళ్లి, నడవలో ఎడమ పక్క గది తలుపు సగమే తెరిచి, పక్కకు తిరిగి లోపలికి దూరి, వెంటనే తలుపు మూసేసింది.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన ఒక్క రోజు తప్ప, ఆ తలుపు పూర్తిగా తెరుచుకుని అరవై ఏడు రోజులైంది.

ఆ గదికి ఒకటే కిటికీ, అది కూడా పెరటి వైపు. దాని సందుల్లో పాత చీర పేలికలు కుక్కి, మీద గోనెపట్టా వేసి మేకులు కొట్టింది సావిత్రమ్మే. లోపల నలభై క్యాండిల్ బల్బు పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. మంచం కింద కుంపటి, దాంట్లో వాము పొగ. మంచం మీద ఆమె కోడలు రోజారాణి, ఇరవై ఒక్కేళ్ల బాలింత. చెవుల్లో దూది, తల చుట్టూ ఉన్ని మఫ్లర్. అది తొంభై ఏడు ఫిబ్రవరి. బాన్సువాడలో అందరూ స్వెట్టర్లు ఉతికి పెట్టెల్లో దాచేసుకున్నారు.

ఊరందరికీ బాలింత గది ఇరవై ఒక్క రోజులే. సావిత్రమ్మ లెక్క మాత్రం మూడు నెలలు. "గాలి తగలొద్దు" అన్నది ఆమె మాట. ఎందుకని ఎవరూ అడగలేదు. తల్లి లేని పిల్లకు అత్తింట్లోనే పురుడు పోసి, మనవరాలి బట్టలు తన చేత్తోనే ఉతికి, పాత బియ్యం అన్నంలోకి ఎల్లిపాయ కారం తనే దంచి పెడుతున్న మనిషిని ఏమని తప్పు పడతారు? ఆమె ప్రేమను వేలెత్తి చూపించే వీలే లేదు. కోడలు ఆ ప్రేమ కిందే నలిగిపోతోందని మాత్రం ఎవరికీ తోచలేదు.

రోజారాణి మొదటి పది రోజులు ఏడ్చింది. ఆ తర్వాత నిద్రపోవడం మానేసింది. ఆపైన మాటలు తగ్గిపోయాయి. గత పన్నెండు రోజులుగా ఒక్క మాట కూడా లేదు. బిడ్డను తెచ్చి ఒళ్లో పెడితే పాలిస్తుంది, తీసేస్తే తీసేసినట్టు కూడా తెలియనట్టు గోడకేసి చూస్తుంది. పాలు తగ్గిపోతున్నాయి. 'గాలి సోకింది' అని సావిత్రమ్మ ఇంకో రెండు పేలికలు తెచ్చి కిటికీలో కుక్కింది.

పెంటవ్వ గది మూల నీళ్లు పోసుకునే జాలాట్లో పీట వేసి, రోజారాణిని కూర్చోబెట్టి నీళ్లు పోయసాగింది. "ఏం బిడ్డా, గియ్యాల గూడ మాట్లాడవా? నాతోని ఏమన్న పంచాదా?"

వీపు మీద ముసలి చేయి ఆగింది. ఎముకలు చేతికి తగులుతున్నాయి.

"పటేలమ్మా, గీ పిల్లకు జర ఎండపొడ గావాలె. మొక్కకైనా నీడల పెట్టి నీళ్లు వోస్తే ఆకు పచ్చవడ్తదా?"

"నువ్వు నీళ్లు వొయ్యనీకి వచ్చినవా, నాకు బుద్ధి చెప్పనీకి వచ్చినవా?" అంది సావిత్రమ్మ, తువ్వాలు అందిస్తూ.

"రెండూ ఒకటే కూలికి చేస్తున్న, తీస్కో."

మామూలు రోజైతే సావిత్రమ్మ నవ్వేది. ఇవాళ నవ్వలేదు.

ఆ రోజు రెండో శనివారం. కొడుకు అఖిలేశ్‌కు ఆఫీసు సెలవు. మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు అతను. ఎవరితోనూ ఎదురు మాట్లాడడని ఆఫీసులో మంచి పేరు. నడవలో కుర్చీ వేసుకుని టీ తాగుతూ, తల్లి బయటికి రాగానే గొంతు తగ్గించాననుకుని చెప్పాడు.

"సోమవారం పొద్దటి బస్సుకు హైదరాబాదు తీస్కపోతున్న. పిచ్చి దవాఖానల తెలిసినోళ్లున్నరట. నెలో రెణ్ణెల్లో పెట్టుకుంటరట."

"మరి పసిదో?"

"అక్కడ పిల్లల్ని ఉంచుకోరట. నీ దగ్గరనే ఉంటది. బుడ్డిపాలు అలవాటు చెయ్యాలె."

"చేస్త. నా బిడ్డనైతే నేను సాదుకుంట." సావిత్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "దీని రాతల ఏమున్నదో."

లోపల మంచం మీద కూర్చోబెట్టి జడ విప్పుతున్న పెంటవ్వ చేతికి రోజారాణి ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకోవడం తెలిసింది. అవి చెవుల్లో దూది పెట్టినా వినబడే మాటలే. రోజారాణి చేయి మంచం మీద బిడ్డ కోసం తడిమింది. బిడ్డ అక్కడ లేదు. వంటింట్లో నానమ్మ ఉయ్యాలలో ఉంది.

తొమ్మిదింటికి బిచ్కుంద బస్సు దిగి భీంరావు వచ్చాడు. రోజారాణి తండ్రి. నల్లరేగడి భూమిలో శనగ, జొన్న పండించే మనిషి. భార్య పోయాక పద్నాలుగేళ్ల కూతురే ఆ ఇంటికీ చేనుకూ పెద్ద దిక్కయింది. పది పాసైంది, కలుపు తీసింది, జొన్నచేనులో పిట్టలను తోలింది. పురుడు అయినప్పటి నుంచి అతను రావడం ఇది నాలుగోసారి. వచ్చిన ప్రతిసారీ గుమ్మం ఇవతల నుంచే కూతుర్ని చూసి వెళ్లాడు. చేను మీద తిరిగొచ్చిన కాళ్లతో గదిలోకి రాకూడదని వియ్యపురాలి కట్టడి.

ఇవాళ అతని భుజాన తడి తువ్వాల్లో చుట్టిన మూట ఉంది. తెల్లవారకముందే పీకిన శనగ చెట్లు. వేళ్లకు నల్లమట్టి ఇంకా అంటుకుని ఉంది.

అల్లుడు సోమవారం సంగతి చెప్పాడు. భీంరావు కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయాడు.

"పిచ్చి దవాఖానకా? నా బిడ్డనా? ఒక్కదాన్నేనా?"

"మామా, గిది మన చేతుల లేదు."

భీంరావు నేరుగా గది దగ్గరికి వెళ్లి సగం తలుపు తోశాడు. కాళ్లు మాత్రం అలవాటు ప్రకారం గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. బల్బు వెలుగులో కూతురి ముఖం చూశాడు. గుండె కరిగినప్పుడు అతని నోట సరిహద్దు ఊళ్ల మరాఠీయే వస్తుంది.

"కాయ్ ఝాలా గ బాయీ? ఏమాయె బిడ్డా?"

రోజారాణి గోడ వైపు చూస్తూనే ఉంది. అతను మూట విప్పి, కుంపటి ఎగదోస్తున్న పెంటవ్వకు అందించాడు. "ఒళ్లె పెట్టు అవ్వా. ఊకె పెట్టు."

"పచ్చి శనగలా! బాలింతకా!" సావిత్రమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "వాతం గాదా? చంపుతరా ఏంది?"

అప్పటికే చెట్లు రోజారాణి ఒళ్లో ఉన్నాయి. వాము పొగ నిండిన గదిలోకి తడి మట్టి వాసన వచ్చింది. ఆమె వేళ్లు మొదట కదలలేదు. తర్వాత ఒక రెమ్మ మీద నెమ్మదిగా పాకాయి. శనగాకు మీద సన్నని నూగు ఉంటుంది, అందులో పులుపు ఉంటుంది. ఆమె తల్లి తెల్లవారుజామున చేను మీద గుడ్డ పరిచి, మంచుతో కలిపి ఆ పులుపును పిండి, కడుపునొప్పికి దాచిపెట్టేది. రోజారాణి వేళ్లను నోట్లో పెట్టుకుంది. పెదవులు ముడుచుకున్నాయి. కళ్లు మూసుకుంది.

"గింజ వట్టిందా నాయినా?" అంది.

పన్నెండు రోజుల తర్వాత వచ్చిన గొంతు అది. తుప్పు పట్టిన గడియ తీసినట్టు వచ్చింది. ఉయ్యాల దగ్గరికి వెళ్లబోతున్న అఖిలేశ్ నిలబడిపోయాడు.

"వట్టింది బిడ్డా, మస్తుగ వట్టింది. ఈయేడు మంచు మంచిగ వడ్డది. నువ్వు లేవని పిట్టలే జర ఎక్కువ తిన్నయి."

రోజారాణి ముఖంలో నవ్వు రాలేదు. నవ్వు ఉండాల్సిన చోటు మాత్రం కదిలింది.

భీంరావు సావిత్రమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, నీకు దండం వెడ్త. ఒక్క గంట పెరట్ల కూసోవెట్టు. నీ పెరడు దాటితే వరిమళ్లే గదా. మళ్లల్ల నాట్లు వడుతున్నయి. చూడనీ."

"వద్దన్నా. మూడు నెలలైతే నేనే కూసోవెడ్త. ఇంక ఇరవై రోజులు."

"ఇరవై రోజులకు ఎవర్ని కూసోవెడ్తవు? సోమవారమే తీస్కపోతున్రు గదా!"

"దవాఖానల బాగైతది."

"ఏ రోగం బాగైతది? గదిల పెట్టి రోగం తెచ్చి, గది మార్చి బాగు చేస్తరా?" భీంరావు గొంతు పెరిగింది. జీవితంలో వియ్యాలవారింట్లో గొంతు పెంచని మనిషి. "ఎద్దును గూడ రోజుకోపారి బయట కడ్తరు చెల్లె. కడుపుల పెట్టుకుని సూస్తున్నవు గదా అని నోరు మూసుకున్న. కన్నోణ్ని, తప్పు నాది."

"మామా, జర నిమ్మళంగ..." అన్నాడు అఖిలేశ్. "డాక్టరమ్మ గూడ చూసింది. గోలీలు రాసింది. మేమేం ఊకున్నమా?"

"డాక్టరమ్మ ఇంక గూడ చెప్పింది."

ఆ మాట మంచం మీద నుంచి వచ్చింది. అందరూ అటు తిరిగారు. రోజారాణి ఒళ్లో శనగ చెట్లు అలాగే ఉన్నాయి. ఆమె చూపు భర్త మీద ఉంది.

"గోలీల కంటె ముందు చెప్పింది. కిటికీ తెరవమన్నది. పొద్దుమాపు ఎండల కూసోమన్నది, చెట్ల నడుమ తిరగమన్నది. పొల్ల నా దగ్గర్నే పండుకోవాలన్నది. నీ మొఖం జూసి చెప్పింది. నువ్వు తలకాయ ఊపినవు. గది నేను విన్న." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇంటికొచ్చినంక నువ్వు అత్తమ్మకు చెప్తవనుకున్న. తెల్లారి చెప్తవనుకున్న. పది దినాలు ఎదురు జూసిన. నా మాట మాటే గాదు, డాక్టరమ్మ మాట గూడ నీ నోట్ల రాకపాయె. ఇంక నేను మాట్లాడి ఏం ఫాయిదా అని ఊకున్న."

అఖిలేశ్ నేల చూశాడు. ఆఫీసులో ఒక కాగితం ఈ బల్ల నుంచి ఆ బల్లకు పోవాలంటే అతను మూడు సంతకాలు చేయించేవాడు, మర్చిపోయేవాడు కాదు. ఇంట్లో ఒక మాట గది నుంచి వంటింటికి పోవడానికి పన్నెండు అడుగులు. ఆ పన్నెండు అడుగులు అతని వల్ల కాలేదు.

"నిజమేనారా?" అంది సావిత్రమ్మ.

"చెప్పినా నువ్వు వినవు గదమ్మా. లొల్లి అయితదని..."

"లొల్లి అయితదని పెండ్లాన్ని పిచ్చి దవాఖానకు తోలుతావురా? వినకపోతే ఇంకోపారి చెప్పాలె. నూరుపార్లు చెప్పాలె. నేనేమన్న రాయినా?" అంతలోనే మేకులు కొట్టిన కిటికీ వైపు చూసింది. "చెప్పినా తెరవకపోదును. డాక్టరమ్మకేం తెలుసు? పోయిన పిల్ల ఆమెది గాదు."

అఖిలేశ్‌కు ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా పోయిందో మాత్రం ఎవరూ అడగరు. సావిత్రమ్మ తలుపుకు ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా చెప్పింది.

"పురుడైన తొమ్మిదో దినం. గిసువంటి గదే. ఊపిరాడలే. మా అత్త సంతకు పోయింది. పిల్లను కొంగుల చుట్టుకుని పెసరచేను కాడికి పోయిన. ఒక్క గంట. అంతే. మర్నాడు పిల్ల పాలు వట్టలే. దవడ బిగుసుకపోయింది. ఒళ్లు విల్లు లెక్క వంగింది. పదకొండో దినం పోయింది. పేరు గూడ పెట్టలే." ఆమె కోడలి వైపు చూసింది. "గాలికి నువ్వే ఇచ్చినవు అన్నది మా అత్త. చచ్చేదాంక అన్నది. గందుకే మేకులు గొట్టిన. నా పాపం నీకు తగలొద్దని."

పెంటవ్వ జాలాటి పీట మీద కూర్చుండిపోయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. ముప్పై ఏళ్ల కిందట ఆ పురుడు పోసిందీ ఆమే.

"గాలి గాదు పటేలమ్మా," అంది.

"ఏంది?"

"గాలి గాదు. బొడ్డు గోసి బూడిద అద్దిన. నేనే అద్దిన, గీ చేతులతోని. ఆ కాలంల అందరం గట్లనే అద్దేది. నువ్వు చేనుకు పోకముందే అద్దిన." ఆమె చేతులను చీరకు తుడుచుకుంది. "తర్వాత పదిహేనేండ్లకు సర్కారోళ్లు మంత్రసానులకు ట్రైనింగు వెట్టిన్రు. నర్సమ్మ చెప్పింది. దవడ బిగుసుకపోతే గది బొడ్డు కాంచి ఎక్కిన విషమట, బూడిదల మట్టిల ఉంటదట. గానాడు నాకు అన్నం సయించలే. నీకు చెప్దామని నీ వాకిట్లకు రెండుపార్లు వచ్చి మళ్లిపోయిన. చెప్తే నన్ను ఎవ్వరు పిలుస్తరు? నా కడుపెట్ల నిండాలె? నీ అత్త నిన్ను అంటుంటే విన్న, ఊకున్న. కొట్టుతవా, కొట్టు."

సావిత్రమ్మ కొట్టలేదు. ఏడవలేదు కూడా. వంటింట్లోకి వెళ్లి పటుకారు పట్టుకొచ్చింది. అందరినీ తోసుకుంటూ కిటికీ దగ్గరికి నడిచింది. మొదటి మేకు రాలేదు. అఖిలేశ్ ముందుకు రాబోతే, "నువ్వు ఆగు. కొట్టింది నేను," అంది. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి గుంజింది. మేకు ఊడింది. తర్వాత ఇంకొకటి. గోనెపట్టా దుమ్ము కక్కుతూ కిందపడింది. పేలికలను ఒక్కొక్కటే సందుల్లోంచి లాగి నేల మీద పారేసింది. కిటికీ రెక్కలు బిర్రుగా పట్టేశాయి. భుజంతో ఒక్క తోపు తోసింది.

ఎండ మంచం దాకా వచ్చింది. దాంతో పాటు నాటు వేస్తున్న ఆడవాళ్ల కేకలు, కాలువ పారే చప్పుడు, బురద వాసన, పెరటి చిక్కుడు పందిరి మీద పిచ్చుకల గోల అన్నీ ఒక్కసారే వచ్చాయి. రోజారాణి చేయి కళ్లకు అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి చూసింది.

సావిత్రమ్మ ఆమె పక్కన కూర్చుని మఫ్లర్ విప్పింది. చెవుల్లోని దూది తీసింది. ఉయ్యాల్లోంచి పసిదాన్ని అఖిలేశ్ తెచ్చాడు. ఎవరికివ్వాలో తెలియక నిలబడితే, "తల్లికియ్యి," అని కసిరింది.

ఆ పొద్దు రోజారాణి పెరట్లో గంటసేపే కూర్చుంది. కాళ్లు నేల మీద పెట్టి, వేళ్లతో మట్టిని గీరుతూ ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. భీంరావు పక్కనే గొంతుక్కూర్చుని శనగకాయలు ఒలుస్తూ, చేను సంగతులు చెబుతూ పోయాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లేటప్పుడు వియ్యపురాలితో, "గొంతు పెంచిన, మనసుల పెట్టుకోకు చెల్లె," అన్నాడు. "పెంచినవు గని నెల లేటుగ పెంచినవన్నా," అంది సావిత్రమ్మ.

సోమవారం హైదరాబాదు బస్సు వాళ్లు లేకుండానే పోయింది. అఖిలేశ్ పెట్టిన సెలవు మాత్రం వృథా కాలేదు. తల్లినీ భార్యనూ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. సావిత్రమ్మ ఆమె ఎదురుగా కూర్చుని ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంది. "గోలీలు ఇప్పుడే ఆపొద్దు. ఎండ, నడక అసలే మానొద్దు," అన్నది డాక్టరమ్మ. "నా ముందల చెప్పుండ్రి," అంది సావిత్రమ్మ. "గీ పిల్లగానికి చెప్తే మాట తొవ్వలనే పడిపోతది." అఖిలేశ్ చెవులు ఎర్రబడ్డాయి.

ఒక్కరోజులో ఏదీ బాగుపడలేదు. రోజారాణి కొన్ని పొద్దులు లేవనే లేదు. కొన్ని రోజులు పెరట్లో కూర్చుని కూడా గోడకేసి చూసినట్టే చూసింది. అయినా మూడో వారానికి రాత్రి నాలుగు గంటలు నిద్ర పట్టింది. చిక్కుడు పందిరి కింద కలుపు పీకింది. పాలు పెరిగాయి. వందన అని పేరు పెట్టిన ఆ పిల్ల తల్లి గొంతు వింటే తల తిప్పడం మొదలుపెట్టింది. అఖిలేశ్ రోజూ ఆఫీసుకు వెళ్లే ముందు భార్యతో కాలువ గట్టు మీద అరగంట నడిచేవాడు. మొదట్లో అతను మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఆమే, "లొల్లి అయినా సరే, చెప్పు," అంది. ఆనాటి నుంచి నేర్చుకుంటున్నాడు.

మేకులు ఊడిన మర్నాటి నుంచి పెంటవ్వ నాలుగు రోజులు రాలేదు. అయిదో రోజు సావిత్రమ్మ తనే వెళ్లి పిలుచుకొచ్చింది. ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. ఇద్దరి కళ్లూ వాచి ఉన్నాయి.

మార్చి మొదట్లో ఒక పొద్దున రోజారాణి పెరట్లో ఎండలో కూర్చుని పిల్లకు నూనె రాస్తోంది. సావిత్రమ్మ వచ్చి పక్కన కూలబడింది. పళ్లెంలో భీంరావు పంపిన ఆఖరి శనగ రెమ్మలు ఉన్నాయి. ముదిరిపోయాయి. ఆమె ఒకటి తీసి, వేళ్లతో నలిపి, నాలుకకు తాకించుకుంది. ముఖం చిట్లించింది.

"ఒక మాట చెప్త, ఎవ్వరికి చెప్పలే. ఆనాడు పెసరచేను కాడ... ఎండ మస్తు మంచిగుండె బిడ్డా. పిల్ల ఒళ్లె పండుకుంది. చేనంత పూత. గా గంటసేపు నాకు పానం ఎంత హాయిగుండెనో." ఆమె నలిపిన రెమ్మను పళ్లెంలో పెట్టింది. "నేను జేసిన తప్పు గదే అనుకున్న. హాయిగున్నందుకే పిల్ల పోయిందనుకున్న. ముప్పై ఏండ్లు ఎండల కూసుంటే భయమైతుండె."

రోజారాణి నూనె చేతులు కొంగుకు తుడుచుకుంది. పిల్లను ఎత్తి, ఎండ తగులుతున్న అత్త ఒళ్లో పడుకోబెట్టింది.

"పొద్దు బారెడెక్కేదాంక కూసోండ్రి అత్తమ్మా," అంది. "పొయ్యి పని నేను చూసుకుంట."